చివరి పేజీలు ముందు చదవండి

సంపాదకులకు,

క్రైస్తవ చారిత్రక ప్రేమనవల చేతికొస్తే ముందు చివరి పేజీలు తిప్పాలి. ఏది చరిత్ర, ఏది కల్పన అన్న రచయిత మాట సాధారణంగా అక్కడే ఉంటుంది. తర్వాత బైబిలు వాక్యాలు చూడాలి. 1870 నాటి అమెరికా రైతుపిల్ల నోట 1611 నాటి కింగ్ జేమ్స్ ఇంగ్లిష్ బైబిలు పాఠమే సహజం. 1978లో పూర్తి బైబిలుగా వచ్చిన న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్ మాటలు వినిపిస్తే రచయిత తొందరపడ్డట్టే.

ఇలాంటి నవలల్లో భూమి సంగతి ఇంకా రసవత్తరం. అమెరికాలో ప్రభుత్వ భూమిని సాగుదారులకిచ్చిన 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు దాదాపు ఉచితంగా దక్కాలంటే అయిదేళ్లు అక్కడే కాపురముండి సాగు చేయాల్సి వచ్చేది. 21 ఏళ్లు నిండిన పెళ్లికాని యువతి దరఖాస్తు పెట్టుకోగలిగేది. భర్తతో కాపురముంటున్న ఇల్లాలికి సాధారణంగా ఆ వీలు ఉండేది కాదు. ముందు దరఖాస్తు, తర్వాతే పెళ్లి! ఇంతటి కథాముడి చేతిలో ఉండగా, అందని ఉత్తరాలతో, అపార్థాలతో పేజీలు నింపడం ఎందుకో.

కొనేటప్పుడు ముద్రణ సంవత్సరమూ చూసుకోవాలి. ఫ్రాన్సిన్ రివర్స్ నవల ‘రిడీమింగ్ లవ్’ 1991లో మామూలు పాఠకుల కోసం వచ్చింది; 1997లో క్రైస్తవ పాఠకుల కోసం సవరించి వేశారు. రెండింటి పాఠమూ ఒకటి కాదు.

– ఒక పాఠకురాలు