రేసు మానేసిన కుక్కలకి ఇళ్లు దొరుకుతున్నాయి, మన వీధికుక్కలకి ఎందుకు దొరకవు?

ఎడిటర్ గారికి నమస్కారం,

విజయనగరంలో వీధికుక్కల గురించి మీ పేపర్లో చాలామంది రాస్తున్నారు, అందరూ అనేది ఒక్కటే, పట్టుకెళ్లి ఎక్కడో వదిలేయండి అని. నేను వేరే సంగతి చెప్దామని రాస్తున్నా. మా అమ్మాయి మెల్‌బోర్న్‌లో ఉంటుంది, వాళ్లింట్లో ఒక గ్రేహౌండ్ ఉంది, రేసుల్లోంచి రిటైరైన కుక్క. గంటకి 60 కిలోమీటర్లు దాటి పరిగెత్తే జాతి కదా, ఇల్లు పీకి పందిరి వేస్తుందేమో అనుకుంటాం, అదేమో రోజులో సగానికి పైగా సోఫా మీద నిద్రే.

ఇవి మామూలుగా ఐదేళ్లు నిండేలోపే రేసు మానేస్తాయి, బతికేది మాత్రం పది పన్నెండేళ్లు. మిగతా కాలం వాటి గతేంటి అన్నదే అక్కడ పెద్ద గొడవ, పనికిరావని చంపేసినవి కూడా చాలా ఉన్నాయి. అమెరికాలోని ఫ్లోరిడాలో 2018లో జనం ఓటేసి 2020 చివరికల్లా రేసులు ఆపించారు, అదే 2018లో చైనాలోని మకావ్‌లో రేసు ట్రాక్ మూతపడితే ఐదొందలకి పైగా కుక్కలు మిగిలిపోయాయి, వాటికి దేశదేశాల్లో ఇళ్లు వెతికారు.

నాకు నచ్చింది అక్కడ ఈ కుక్కల్ని పెంపకానికి ఇచ్చే పద్ధతి. ఫ్రీ కదా అని చేతిలో పెట్టేయరు. పుట్టినప్పట్నుంచీ కెన్నెల్లోనే, అంటే కుక్కల షెడ్డులోనే పెరిగినవి కాబట్టి వాటికి మెట్లెక్కడం రాదు, అద్దం తలుపు ఉందని తెలీక వెళ్లి గుద్దుకుంటాయి, అందుకని ముందు ఎవరింట్లోనో కొన్నాళ్లు ఉంచి చూస్తారు. పిల్లి కనపడితే వెంటపడుతుందా, నిద్రలో ముట్టుకుంటే ఉలిక్కిపడి మీదకొస్తుందా, అన్నీ దాచకుండా చెప్తారు. తాడు లేకుండా బయటికి వదలొద్దు, ఒంట్లో కొవ్వుండదు కాబట్టి చలికి కోటు వెయ్యండి, ఆపరేషన్ అయితే మత్తుమందు గురించి డాక్టర్‌ని ముందే అడగండి, ఇవన్నీ చెప్పాకే ఇస్తారు.

ఇది విని మా పక్కింటావిడ "పనైపోయిన కుక్కని తెచ్చుకుని ఏటి సేస్తారమ్మా" అంది. రోజూ వీధి కుక్కలకి అన్నం పెట్టేదీ ఆవిడే, అది వేరే విషయం.

మన దగ్గర అంతా రివర్స్. వేలకి వేలు పోసి చలిదేశపు హస్కీ కుక్కని కొంటారు, మే నెల ఎండకి దాని చర్మం పాడై జుట్టు ఊడిందంటే రాత్రిపూట రింగ్ రోడ్డులో దింపేసి పోతారు. తిండీ నీళ్లూ లేకుండా అలా వదిలేయడం 1960 జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం, పట్టించుకునేవాళ్లేరి?

గ్రేహౌండ్లని ఇక్కడికి తెప్పించమని నేననట్లేదు, మనకి ఉన్నవే చాలు. వీధికుక్కని పెంచుకోవాలనుకునేవాళ్లు మున్సిపాలిటీకి అప్లై చేసుకోవచ్చు, తీసుకున్నాక మళ్లీ వీధిలోకి వదలకూడదు అని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులోనే చెప్పింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, రేబిస్ టీకా అయిపోయిన కుక్కల్ని తిరిగి వదిలేముందు ఒక ఆదివారం అయోధ్యా మైదానంలో జనానికి చూపించండి, ఏది పిల్లలతో బాగుంటుందో ఏది కోపిష్టిదో ఉన్నదున్నట్టు కార్డు మీద రాయండి, ఇల్లు చూశాకే ఇవ్వండి, సరిపడకపోతే వెనక్కి తీసుకోండి. ఈ అప్లికేషన్ మన ఊళ్లో ఏ ఆఫీసులో, ఎవరికి ఇవ్వాలో కనుక్కుని మీ పేపర్లో వేస్తే చాలామందికి పనికొస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కంటోన్మెంట్, విజయనగరం