కాటన్‌వుడ్ ఫాల్స్ కచేరీ చూసొచ్చాను

ఒరేయ్ రమణా,

ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతానని రాస్తున్నా, ఓపిగ్గా చదువు. పోయిన శుక్రవారం సెలవు పెట్టి మా కాన్సాస్ రాష్ట్రంలోనే ఉన్న ఛేజ్ కౌంటీ వెళ్ళొచ్చాను. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, దాని ముఖ్య పట్టణమే కాటన్‌వుడ్ ఫాల్స్. మా ఓవర్లాండ్ పార్క్ నుంచి రెండు గంటల డ్రైవ్. ఎంపోరియా దాటాక ఊళ్ళు పల్చబడిపోయి గడ్డి కొండలు మొదలవుతాయి. వాటిని ఫ్లింట్ హిల్స్ అంటారు, అంటే చెకుముకి కొండలు! జానెడు మట్టి తవ్వితే చాలు, కింద సున్నపురాయి, అందులో చెకుముకి ముక్కలు. నాగలి దిగలేదు కాబట్టి ఎవరూ దున్నలేదు, అందుకే మనిషెత్తు పెరిగే ఆ గడ్డి ఇక్కడ మిగిలింది. మిగతా అమెరికాలో దాదాపు అంతా పొలాలైపోయింది. వసంతంలో రాంచర్లు, అంటే పశువుల్ని పెంచేవాళ్ళు, దానికి నిప్పు పెడతారు, పాత గడ్డి పోయి పశువులకి లేత గడ్డి వస్తుందని. నేను వెళ్ళేసరికి ఒక కొండంతా నల్లగా మాడిపోయి ఉంది, కిందికి వంగి చూస్తే ఆ బూడిదలోంచి వేలెడంత పచ్చటి మొలకలు. చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఇక కోర్టుహౌస్, అంటే ఆ కౌంటీ కచేరీ. నాగలిని దిగనివ్వని ఆ సున్నపురాయితోనే కట్టారు, 1873లో. ఇటుకలు పరిచిన బ్రాడ్‌వే వీధి చివర, ఎర్రటి కప్పు, గడియారం గోపురంతో నిలబడి ఉంటుంది. కాన్సాస్‌లో ఇప్పటికీ వాడుకలో ఉన్న కోర్టుహౌస్‌లన్నిటిలో పాతది ఇదే. లోపల నల్ల వాల్‌నట్ చెక్కతో గుండ్రంగా తిరుగుతూ మూడో అంతస్తు దాకా మెట్లు. రెయిలింగ్ మీద చెయ్యి వేస్తే మన తాతగారింటి ఉయ్యాల బల్లలా నున్నగా తగిలింది.

నువ్వు రెవెన్యూలో ఉన్నావు కాబట్టి ఇది చెప్పాలి. కౌంటీని నడిపేది ముగ్గురు కమిషనర్లు, జనం ఎన్నుకున్నవాళ్ళే. పోలీసు పని చూసే షరీఫ్, ట్రెజరర్, క్లర్క్, చివరికి భూముల దస్తావేజులు చూసే రిజిస్టర్ ఆఫ్ డీడ్స్‌కి కూడా ఎలక్షనే! నీ పోస్టుకి ఎలక్షన్ పెడితే ఎలా ఉంటుందో ఆలోచించు. 2020 లెక్కల్లో కౌంటీ మొత్తం జనాభా 2,572 అంతే. మన మండలంలో ఒక్క పెద్ద ఊళ్ళో అంతకన్నా ఎక్కువమంది ఉంటారు. అయినా కార్యాలయం ఎక్కడికీ పోలేదు. ట్రెజరర్ కౌంటర్ దగ్గర బూట్లకి బురదతో ఒక పెద్దాయన బండి రిజిస్ట్రేషన్ రెన్యూ చేయించుకుంటున్నాడు, లోపలి ఆవిడ వాళ్ళ దూడల సంగతి అడుగుతూనే స్టాంపు వేసిచ్చింది. నూట యాభై ఏళ్ళ భవనంలో మామూలు పని మామూలుగా జరిగిపోతోంది, నాకు అన్నిటికన్నా నచ్చింది అదేరా.

చూస్తుంటే మన పాత తాలూకా కచేరీ గుర్తొచ్చి కడుపు తరుక్కుపోయింది. కప్పు కారుతోందని పడగొట్టేశారు, ఆ పెంకులు మార్పిస్తే ఇంకో వందేళ్ళు ఉండేది. మీ నాన్నగారు అర్జీలు రాసిన అరుగు కూడా పోయింది. ఆ టేకు తలుపులు మాత్రం ఇంకా గోడౌన్‌లోనే పడి ఉన్నాయని విన్నాను, నిజమేనా? ఈ వారంలో ఒకసారి వెళ్ళి చూసి, చెద పట్టకుండా ఉంటే ఫోటో తీసి పంపు. కొత్త ఆఫీసులో పెట్టించడానికి అర్జీ నేను రాస్తాను, మీ ఆఫీసర్‌గారి చేతికి నువ్వు అందించు.

చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
శీను