“ఇప్పుడా?” అన్న మాట గురించి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో దాంపత్యం మీద వచ్చిన వ్యాసం చదివాను. భార్యాభర్తలు వారానికి ఒక గంట కేటాయించుకుని, ఆ గంటలో ఫోన్లు పక్కన పెట్టి మాట్లాడుకోవాలని అందులో రాశారు. ఆ పని నేను, మా వారు దాదాపు రెండేళ్లు చేశాం. అందుకే ఈ ఉత్తరం.

మాకు పెళ్లయి 34 ఏళ్లు. నేను ఒక ఆఫీసులో అకౌంట్స్ చూసేదాన్ని. ఏ పనికైనా తేదీ, టైము రాసుకోకపోతే నాకు టెన్షన్. పిల్లలు పెద్దవాళ్లయి వెళ్లిపోయాక ఇంట్లో మాటలు తగ్గిపోతున్నాయనిపించి, ఆదివారం సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా “మన టైము” అని క్యాలెండర్‌లో రాసింది నేనే. మొదటి నెల బాగానే గడిచింది. పోనుపోను అయిదింటికి ఎదురెదురుగా కూర్చుని, కట్టాల్సిన బిల్లులు, రిపేరు చేయించాల్సిన కుళాయి గురించి మాట్లాడుకునేవాళ్లం. అవి అయిపోతే మాటలు ఉండేవి కావు. ఆరు కాగానే ఆయన లేచేవారు. నాకు కోపం రాలేదు, హమ్మయ్య అనిపించింది. అలా అనిపించినందుకే భయం వేసింది.

గాబ్రియెలా టోనియెట్టో, సెలిన్ మల్కోచ్ అనే పరిశోధకులు 2016లో ప్రచురించిన విషయం ఒకటి తర్వాత చదివాను. సరదా పనికి కూడా ఫలానా గంటకని కచ్చితంగా టైము పెడితే అది డ్యూటీలా అనిపించి, అందులో సంతోషం తగ్గుతుందట. ‘సాయంత్రం ఎప్పుడో ఒకప్పుడు’ అని వదులుగా అనుకుంటే అలా కాదట. మా ఆదివారాలకు పట్టిన గతి అదే.

అయినా తప్పంతా క్యాలెండర్‌ది కాదు. అంతకుముందు ఎన్నో ఏళ్లుగా నా నోట్లో ఒక మాట ఉండేది. “ఇప్పుడా?” వాన మొదలవగానే మేడ మీదికి రమ్మంటే, ఇప్పుడా? రేడియోలో పాత పాట వస్తోంది, ఒక్క నిమిషం వచ్చి వినమంటే, ఇప్పుడా? రాత్రి పదకొండింటికి కిటికీ దగ్గర నిలబడి, చంద్రుడి చుట్టూ గుడి కట్టింది చూడమంటే, ఇప్పుడా? నా చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పని ఉండేది, అది నిజం. కానీ ఆయన పిలవడం ఎప్పుడు మానేశారో నాకు తెలియనే లేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తోంది.

దంపతుల మీద దశాబ్దాల పాటు అధ్యయనం చేసిన జాన్ గాట్‌మన్ ఇలాంటి చిన్న చిన్న పిలుపులనే లెక్కపెట్టారు. కొత్తగా పెళ్లయిన జంటలను గమనించి, ఆరేళ్ల తర్వాత మళ్లీ చూశారు. కలిసి ఉన్నవాళ్లు అలాంటి పిలుపులకు నూటికి 86 సార్లు పలికారు, విడిపోయినవాళ్లు 33 సార్లే. అది చదివిన రోజు నా లెక్క నేను వేసుకున్నాను. 33 దగ్గరికి కూడా రాలేదు.

ఒక బుధవారం సాయంత్రం ఆయన బండి ఇంజన్ ఆపకుండా గేటు దగ్గరే ఉండి, “ఎక్కు, ఊరికే అలా తిరిగొద్దాం” అన్నారు. చాలా కాలానికి పిలిచారు. ఆరిన బట్టలు మడతపెడుతున్నదాన్ని, సగం మంచం మీదే వదిలేసి, ఇంట్లో కట్టుకున్న బట్టలతోనే ఎక్కాను. ఎటని అడగలేదు. కొంతదూరం పోయాక వెనక నుంచి ఏదో చెప్పాను. పలకలేదు. మళ్లీ చెప్పాను. అప్పుడు తల కాస్త తిప్పి, “కుడి పక్క చెప్పు. ఎడమ చెవి ఆర్నెల్లుగా సరిగ్గా వినపడటం లేదు” అన్నారు.

ఆ ఆర్నెల్లూ నేను, నా మాటంటే లెక్కలేదని లోలోపల రగిలిపోతున్నాను. అన్ని ఆదివారాల్లో ఒక్కసారైనా ఆయన ఈ సంగతి ఎత్తలేదు. ఎదురుగా కూర్చోబెట్టి “చెప్పండి” అంటే చెప్పే మనిషి కాదు. ఒకరి మొహం ఒకరికి కనపడకుండా, ఎక్కడికీ చేరాల్సిన పని లేకుండా పోతుంటే అదే బయటికొచ్చింది. మర్నాడే డాక్టర్ దగ్గరికి వెళ్లాం.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. అప్పటికప్పుడు అనుకుని చేసేవన్నీ సంతోషాన్నివ్వవు. ఒకసారి, ఆఫీసులో సంవత్సరం లెక్కలు ముగించే వారంలో, నన్ను సంతోషపెడదామని ఆయన చెప్పకుండా ప్రయాణానికి టికెట్లు కొన్నారు. సెలవు కోసం బతిమాలింది నేను, సామాన్లు సర్దింది నేను, తిరిగొచ్చాక రాత్రిళ్లు కూర్చుని పని పూర్తిచేసింది నేను. ఆ ప్రయాణంలో చూసిన ఒక్క చోటు కూడా నాకు గుర్తులేదు. ఇంటిపనంతా ఒకరి మీదే ఉన్న ఇంట్లో “ఇప్పుడా?” అనేది కూడా ఆ ఒక్కరే. ఆ మాట మానెయ్యమని ఆడవాళ్లకు చెప్పేముందు వాళ్ల చేతిలో పని కాస్త అందుకోండి. మా వారు ఇప్పుడు దుప్పటి రెండో కొస పట్టుకుని మడత పూర్తయ్యాకే “పద” అంటున్నారు. నాకు ఓపిక లేని రోజున “రేపు నేనే పిలుస్తాను” అంటాను. మర్చిపోకుండా పిలుస్తాను.

క్యాలెండర్‌లోంచి ఆ ఆదివారం గంట తీసేసి చాలా నెలలైంది. బయటికి వెళ్తే నేను ఆయనకు కుడి పక్కనే నడుస్తున్నాను.

– ఒక పాఠకురాలు