స్వారీ గుర్రానికి ఒక వారం ప్లాన్ ఉండాలి: క్రీడల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం అండి,

నేను గుర్రాలకి ట్రైనింగ్ ఇస్తాను, కొత్తగా వచ్చేవాళ్ళకి స్వారీ నేర్పిస్తాను, చాలా ఏళ్ళుగా నా పని ఇదే. స్టేడియాలు కావాలి, నిధులు కావాలి అని మీకు రోజూ ఎన్నో లేఖలు వస్తుంటాయి, నేను అడిగేది అలాంటిది కాదు, డబ్బు ఖర్చయ్యేది అసలే కాదు. రైడింగ్ స్కూల్‌కి గుర్తింపు ఇచ్చేటప్పుడు ఆరీనా (స్వారీ చేసే మైదానం) కొలతలు చూస్తారు, కోచ్ సర్టిఫికెట్ చూస్తారు, హెల్మెట్లు ఉన్నాయా లేవా చూస్తారు, ఇవన్నీ చూడాల్సినవే. కానీ ఆ లాయంలో ఉన్న ఒక్కో గుర్రం సోమవారం నుంచి ఆదివారం దాకా ఏ రోజు ఏ పని చేస్తోంది, ఏ రోజు ఆగుతోంది అని మాత్రం ఎవరూ అడగరు. అది కూడా అడగడం మొదలుపెట్టండి అని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

రేసు గుర్రం సంగతి వేరు, దానికి ఒకటే పని, దాని వెనకాల ట్రైనరు, వెట్ (పశువుల డాక్టరు), టైమింగ్ అంతా ఉంటుంది. నేను మాట్లాడేది ఆల్‌రౌండ్ గుర్రాల గురించి. పొద్దున పిల్లల క్లాసు, సాయంత్రం పెద్దవాళ్ళకి చిన్న చిన్న జంప్‌లు, ఇంకో రోజు బయట కొండ దారిలో రైడ్, నెలాఖర్లో డ్రెస్సాజ్ (రైడరు సైగలకి తగ్గట్టు గుర్రం లయగా కదలడం) పోటీ, ఇవన్నీ చేసేది ఆ ఒక్క గుర్రమే. అన్నీ చేసేస్తుంది కదా, దానికి ప్రత్యేకంగా ప్లాన్ ఎందుకు అనుకుంటారు చాలామంది. నాకు తెలిసినంతలో అసలు ప్లాన్ ఎక్కువ అవసరమైంది దానికే, ఎందుకంటే ఒక్కో పని ఒంట్లో ఒక్కో చోట భారం వేస్తుంది, ఆ భారాన్ని ఎవరూ లెక్కపెట్టకపోతే అది ఎక్కడ పేరుకుంటోందో గుర్రం కుంటే దాకా తెలీదు.

చాలా చోట్ల జరిగేది ఏంటంటే వారం మొత్తం అదే ఆరీనాలో, అదే గుండ్రంలో, ఎక్కువగా ఒకే వైపుకి, ఒకే స్పీడులో ట్రాట్ (నెమ్మది పరుగు) చేయిస్తారు, తర్వాత ఆదివారం పోటీ ఉంటే ఒక్కసారిగా జంప్‌లూ గ్యాలప్‌లూ (పూర్తి వేగంతో పరుగులు). గుర్రం బానే చేస్తుంది ఆ రోజు. మనిషికి అక్కడే మోసం జరుగుతుంది. గుర్రం ఒంట్లో అన్నీ ఒకే వేగంతో గట్టిపడవండి. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే పుంజుకుంటాయి, కండలకి రెండు మూడు నెలలు కావాలి, టెండన్లకీ (కండని ఎముకకి కలిపేవి) లిగమెంట్లకీ (ఎముకని ఎముకకి కలిపేవి) ఇంకా ఎన్నో నెలలు, ఎముకలకి అంతకన్నా ఎక్కువ. అంటే నెలన్నర పని చేసిన గుర్రానికి దమ్ము ఉంటుంది, ఉత్సాహం ఉంటుంది, పరిగెత్తుతానంటుంది, కానీ కాళ్ళు ఇంకా సిద్ధంగా ఉండవు. ముంగాలి మోకాలి కింద కండ అనేదే దాదాపు ఉండదు, అంతా టెండన్లూ లిగమెంట్లూ ఎముకలే. పైగా నిలబడి ఉన్నప్పుడే ఒంటి బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ళ మీద ఉంటుంది, మనిషి ఎక్కితే అది ఇంకా పెరుగుతుంది. గ్యాలప్‌లో టెండన్ లోపలి వేడి 45 డిగ్రీల దాకా పోతుందని కొలిచి చూశారు. రోజూ అదే భారం అదే చోట పడుతుంటే, లోపల పడ్డ చిన్న చిన్న దెబ్బలు మానడానికి టైమ్ ఎక్కడిది?

ఇంకో సంగతి, ఇది నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది, గుర్రానికి మనలాగా కాలర్ ఎముక లేదు. ముందు కాళ్ళకీ ఛాతీకీ మధ్య ఎముకతో ఎముక అతుకు లేదు, మొండెం అంతా రెండు ముంగాళ్ళ మధ్య కండల మీదే వేలాడుతూ ఉంటుంది. ఆ కండలు బలంగా ఉంటే ముందు భాగం పైకి లేస్తుంది, నడక తేలికవుతుంది, లేకపోతే గుర్రం ముందుకి కూలబడ్డట్టు నడుస్తుంది, పగ్గాల మీద వేలాడుతుంది. అప్పుడు రైడరు గట్టిగా లాగుతాడు, గుర్రం మొండిది అంటాడు. మొండితనం కాదండి, బలం చాలక.

మరి ప్లాన్ అంటే ఏంటి, పెద్ద బ్రహ్మవిద్యా అంటే కాదు. సుమారు 500 కిలోల బరువున్న, ఆరోగ్యంగా ఉన్న, ఇప్పటికే రెండు మూడు నెలలుగా పనిలో ఉన్న గుర్రం అనుకోండి. ఆదివారం బాగా పని చేసింది కాబట్టి సోమవారం సెలవు. సెలవు అంటే లాయంలో కట్టేసి ఉంచడం కాదు, బయట ఖాళీ స్థలంలో వదిలెయ్యాలి, తనకిష్టమొచ్చినట్టు తిరగాలి, పొర్లాలి, పక్క గుర్రంతో మెడ గోకించుకోవాలి. మంగళవారం ఫ్లాట్‌వర్క్, అంటే జంప్‌లు లేని పని, 40 నిమిషాలు చాలు, పెద్ద గుండ్రాలు, దిశ మార్పులు, వాక్ నుంచి ట్రాట్‌కి, ట్రాట్ నుంచి మళ్ళీ వాక్‌కి, కాసేపు పక్కకి జరిగే పని, కుడికి ఎంత చేస్తే ఎడమకీ అంత. బుధవారం ఆరీనా మొహం చూడకుండా బయట రైడ్, ఎక్కువ భాగం నడకే, దారిలో ఎత్తుపల్లాలుంటే ఇంకా మంచిది, మెట్ట ఎక్కేటప్పుడు వెనక కాళ్ళూ పిరుదులూ చేసే పని ఆరీనాలో ఎంత తిప్పినా రాదు. గురువారం పోల్స్ (నేల మీద వరసగా పెట్టే కర్రలు), చిన్న జంప్‌లు. ట్రాట్‌కి పోల్స్ మధ్య సుమారు 1.3 మీటర్లు, క్యాంటర్‌కి (ట్రాట్ కన్నా వేగమైన పరుగు) 3 మీటర్లు పెట్టి మొదలుపెట్టి, గుర్రం అంగని బట్టి సర్దుకోవాలి. ఎత్తు పెంచుకుంటూ పోవాల్సిన పని లేదు, తక్కువ ఎత్తులో నాలుగు మంచి జంప్‌లు దూకాక ఆపేస్తే చాలు. చాలామంది ఇక్కడే ఆగరు, ఇంకొక్కటి ఇంకొక్కటి అంటారు, ఆ చివరి ఒక్కటే అలిసిన కాలి మీద పడేది.

శుక్రవారం తేలిక రోజు, మెడ కిందకి చాచుకుని వదులుగా నడిచే పని గానీ, లంజింగ్ గానీ. లంజింగ్ అంటే పొడవాటి తాడు పట్టుకుని గుర్రాన్ని మన చుట్టూ తిప్పడం, చాలామందికి అది విశ్రాంతితో సమానం, మనిషి ఎక్కలేదు కదా అని. చిన్న గుండ్రంలో తిరగడం కీళ్ళకి తేలికేం కాదు, గుండ్రం అడ్డంగా 20 మీటర్ల దాకా ఉండాలి, సమయం 20 నిమిషాలు దాటకూడదు, రెండు వైపులా సమానంగా తిప్పాలి. శనివారం దమ్ము పెంచే పని, మూడు నాలుగు నిమిషాల క్యాంటర్, మధ్యలో రెండు మూడు నిమిషాల నడక, అలా మూడు సార్లు. ఆదివారం క్లాసో, పోటీయో, డ్రెస్సాజ్ ప్రాక్టీసో. ఇందులో రోజుల పేర్లు ముఖ్యం కాదు, వరస ముఖ్యం. గట్టి పని తర్వాత తేలిక పని, వరసగా రెండు రోజులు జంపింగ్ వద్దు, పెంచాలనుకుంటే ముందు సమయం పెంచాలి, తర్వాతే స్పీడు, రెండూ ఒకే వారంలో పెంచకూడదు. స్కూళ్ళలో శని ఆదివారాలు రద్దీ ఉంటుంది కాబట్టి అక్కడ వరస వేరేగా వేసుకోవచ్చు, కానీ ఏదో ఒక వరస కాగితం మీద ఉండాలి.

ఏ రోజు పనైనా మొదటి 10, 15 నిమిషాలు వదులు పగ్గాల మీద నడక, చివర్లో మళ్ళీ ఊపిరి మామూలు అయ్యేదాకా నడక. క్లాసు టైమ్ అయిపోతోందని ముందుగా కోసేసేది ఈ నడకనే, అందుకే గట్టిగా చెప్తున్నా. గంట క్లాసు అంటే నడకతో కలిపి గంట, నడక పోగా గంట కాదు. ఇంకో విషయం, క్లాసు కూడా పనే. బరువు సరిగ్గా మోపడం రాని కొత్త రైడర్ని మోసుకుని అరగంట ట్రాట్ చెయ్యడం, బాగా స్వారీ చేసేవాళ్ళతో అరగంట చెయ్యడం కన్నా గుర్రం నడుముకి కష్టం. ఇవాళ ట్రైనింగ్ లేదు, ఉత్త క్లాసులే అని లెక్క వదిలేస్తే వారం లెక్క మొత్తం తప్పినట్టే.

దాణా గురించి కూడా ఆ కాగితంలో ఉండాలండి, ఎందుకంటే పనీ తిండీ విడివిడిగా చూస్తే ప్రమాదం. సెలవు రోజున కూడా పని రోజు వేసినంత దాణా వేసి, మర్నాడు ఒక్కసారిగా గట్టి పని చేయిస్తే కండలు బిగుసుకుపోయి గుర్రం కదల్లేని స్థితి వస్తుంది, చెమటలు పడతాయి, మూత్రం కాఫీ రంగులో వస్తుంది. వెంటనే వెట్ రావాల్సిన పరిస్థితి అది. ఒకప్పుడు ఆదివారం ఆగి సోమవారం బండికి కట్టిన గుర్రాలకి ఎక్కువగా వచ్చేదని దీనికి సోమవారం జబ్బు అనే పేరు కూడా వచ్చింది. సెలవు రోజు దాణా తగ్గించాలి, గడ్డి మాత్రం తగ్గించకూడదు. ఒంటి బరువులో కనీసం ఒకటిన్నర శాతం, అంటే 500 కిలోల ఈ గుర్రానికి ఏడున్నర కిలోల ఎండుగడ్డి రోజూ పడాలి. గుర్రం కడుపులో యాసిడ్ తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది, ఖాళీ కడుపుతో క్యాంటర్ చేయిస్తే ఆ యాసిడ్ పైభాగానికి ఎగజిమ్మి పుండ్లు పడతాయి, అందుకే పనికి ముందు కాస్త గడ్డి వెయ్యమంటాం.

పని సరిపోయిందా ఎక్కువైందా చెప్పడానికి మిషన్లేం అక్కర్లేదు. దవడ కింద వేలు పెడితే నాడి దొరుకుతుంది. విశ్రాంతిలో నిమిషానికి 28 నుంచి 44 కొట్టుకుంటుంది. మామూలు పని అయ్యాక 10, 15 నిమిషాల్లో 60 దరిదాపుల్లోకి రావాలి, రాకపోతే ఆ రోజు పని ఎక్కువైంది, లేదా ఎండ ఎక్కువగా ఉంది, లేదా ఎక్కడో నొప్పి ఉంది. పొద్దున్నే కాళ్ళు తడిమి చూసే సాయిసుకి (లాయంలో గుర్రాన్ని చూసుకునే మనిషికి) ఏ టెండన్ వేడిగా ఉందో కోచ్ కన్నా ముందు తెలుస్తుంది. దురదృష్టం ఏంటంటే ఇవాళ ఈ గుర్రాన్ని ఎక్కొద్దు అని చెప్పే అధికారం మాత్రం అతనికి ఉండదు.

స్కూళ్ళు నడిపేవాళ్ళ వైపు కూడా చెప్పాలి. వారానికి ఒక రోజు పూర్తి సెలవు, రెండు రోజులు తేలిక పని అంటే క్లాసులు తగ్గుతాయి, ఫీజులు తగ్గుతాయి, గుర్రాల్ని మేపేది ఎలా అంటారు. వాళ్ళ ఇబ్బంది నిజమే, కాదనను. కానీ టెండన్ తెగిన గుర్రం నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా పనిలోకి రాదు, వచ్చినా మళ్ళీ అదే చోట దెబ్బ తగిలే భయం ఉంటుంది. ఆ ఏడాదంతా అది గడ్డి తింటుంది, వెట్ ఫీజు తింటుంది, ఒక్క క్లాసు కూడా ఇవ్వదు. దాని క్లాసులన్నీ మిగిలిన గుర్రాల మీద పడతాయి, తర్వాత వాటి వంతు. నియమం అందరికీ ఒకటే అయితే సెలవిచ్చే స్కూలు ఇవ్వని స్కూలు ముందు నష్టపోదు, మీ శాఖ వల్ల మాత్రమే అయ్యేది ఇదే, మాలాంటి వాళ్ళం ఎంత చెప్పినా అవ్వనిది.

అందుకని మంత్రి గారూ, గుర్తింపు నియమాల్లో ఈ నాలుగు మాటలు చేర్పించండి. ప్రతి గుర్రానికీ ఒక డైరీ, అందులో వారం ప్లాన్, రోజూ నిజంగా జరిగిన పని, ఎక్కినవాళ్ళ క్లాసులతో సహా. వారంలో ఒక రోజు పూర్తి సెలవు, ఆ రోజు బయట స్వేచ్ఛగా తిరిగే వీలు. గుర్రాన్ని చూసుకునే సాయిసు గానీ వెట్ గానీ ఆపమంటే ఆ రోజు ఆ గుర్రాన్ని ఆపాల్సిందేనని, అలా ఆపించినందుకు అతని ఉద్యోగానికి ఇబ్బంది రాకూడదని. తనిఖీకి వచ్చే ఆఫీసరు ఆరీనా కొలిచే ముందు రెండు మూడు డైరీలు తెరిచి చూడాలని, డైరీలో రాసింది ఒకటీ గుర్రం కాలు చెప్పేది ఒకటీ అయితే గుర్తుపట్టగల వెట్‌ని వెంట తీసుకురావాలని.

గంటల పరిమితి ఒక్కటే పెట్టి వదిలెయ్యకండి అని కూడా మనవి. రోజుకి ఇన్ని గంటలు మించకూడదు అని రాస్తే రాయడం తేలిక, తనిఖీ తేలిక, కానీ వారమంతా అదే గుండ్రంలో రోజూ గంట తిప్పినా ఆ నియమం ప్రకారం తప్పు అవ్వదు. రెండు గంటలు బయట నెమ్మదిగా నడిచొచ్చిన గుర్రం తప్పు చేసినట్టు అవుతుంది. గంటలతో పాటు పని రకం కూడా అడగాలి.

నియమం రాసేటప్పుడు కమిటీ వేస్తే అందులో లాయంలో పని చేసేవాళ్ళని ఒకరిద్దరిని తప్పకుండా కూర్చోబెట్టండి, నాడాలు కొట్టేవాళ్ళని కూడా. గిట్ట ఏ వైపు ఎక్కువ అరిగిందో చూసి ఆ గుర్రాన్ని ఎటు వైపు ఎక్కువ తిప్పుతున్నారో అంచనా వేసేవాళ్ళున్నారు వాళ్ళలో. డైరీ ఏ ఫార్మాట్లో ఉండాలో, ఒక్కో గుర్రానికి ఒక పేజీలో వారం మొత్తం ఎలా పట్టించాలో నేను రాసి మీ ఆఫీసుకి పంపిస్తాను, పనికొస్తే వాడుకోండి, మార్పులు చేసుకోండి.

ఇట్లు,
ఒక స్వారీ టీచరు