నొప్పి లేదని ఊరుకోకు నాన్నా

నాన్నా,

నిన్న ఫోన్‌లో "షుగర్ ఎంతుందమ్మా" అని అడిగావు, 128 అన్నాను, "అయితే బానే ఉందిలే" అని పెట్టేశావు. అప్పటి నుంచి ఆ మాటే మనసులో తిరుగుతోంది. ఒక్క అంకె చూసుకుని బాగున్నానని అనుకునే మీ అమ్మ గుండెజబ్బుదాకా తెచ్చుకుంది, అందుకే ఫోన్‌లో చెప్పలేకపోయినవన్నీ రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ముందు నీ దగ్గర దాచిన సంగతి చెప్తాను. గుండె రక్తనాళం తెరిచి ఉంచే చిన్న గొట్టం, అదే స్టెంట్, వేయడానికి ముందు దాదాపు ఎనిమిది నెలలు నేను బీపీ మాత్రలు మానేశాను. మెషీన్‌లో 124/78 వచ్చింది, ఇక తగ్గిపోయిందనుకున్నాను. అది తగ్గింది మాత్ర వల్లే, ఆపితే మళ్లీ పెరుగుతుంది అని డాక్టరు చెప్పలేదా అంటే చెప్పారు, తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, ఇంకెందుకు అని నేనే వినలేదు. బీపీ పెరిగినా చాలామందికి ఏమీ తెలియదు నాన్నా. లోపల రక్తనాళాల గోడలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి, దానికి షుగర్ తోడైతే ఆ గోడల్లో కొవ్వు పేరుకోవడం ఇంకా త్వరగా జరుగుతుంది. షుగర్ వేరు, గుండె వేరు అనుకుని రెండు ఫైళ్లు పెట్టుకున్నాను ఇన్నేళ్లూ. రెండింటి దెబ్బా పడేది ఆ నాళాల మీదే.

గుండెపోటు వచ్చిన రోజు కూడా నాకు ఛాతీలో నొప్పి రాలేదు. ఒళ్లంతా చల్లటి చెమటలు, దవడ లాగుతున్నట్టు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. గ్యాస్ అనుకుని పడుకున్నాను. చాలాకాలంగా షుగర్ ఉన్నవాళ్లకు నరాలు దెబ్బతిని గుండెపోటు నొప్పి సరిగ్గా తెలియకపోవచ్చట, ఆడవాళ్లలో ఆయాసం, వికారం, విపరీతమైన నీరసం లాంటివి కూడా కనిపించొచ్చట. ఇవన్నీ తర్వాత తెలిశాయి నాకు. మీ నాన్న నా మాట వినకుండా అంబులెన్స్ పిలిచారు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇంట్లో ఎవరికి ఇలా అనిపించినా "కాసేపు చూద్దాం" అనొద్దు, బండి వేసుకుని సొంతంగా బయల్దేరొద్దు.

ఇక నువ్వడిగే అంకె సంగతి. వేలు గుచ్చి చూసుకునేది ఆ నిమిషం మాటే చెప్తుంది. అసలు లెక్క హెచ్‌బీఏ1సీ. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది కదా, అన్నాళ్లూ దానికి అంటుకున్న చక్కెరను చూసి గడిచిన రెండు మూడు నెలలు ఎలా ఉన్నామో చెప్పేస్తుంది. పరీక్షకు ముందు రెండు రోజులు నోరు కట్టుకుంటే దాన్ని మభ్యపెట్టలేం. నాకు 8.9 ఉండేది, ఇప్పుడు 7.1. చాలామందిని 7 లోపు ఉంచుకోమంటారు, వయసునీ మిగతా జబ్బుల్నీ బట్టి డాక్టరు అటూఇటూ మారుస్తారు. ఇదేమీ ఉపవాసాలతో తగ్గలేదు. భోజనం కాగానే కూర్చోకుండా పది పదిహేను నిమిషాలు నడుస్తున్నాను, నడుస్తుంటే కండరాలు రక్తంలోని చక్కెరను లాక్కుంటాయి, తిన్న వెంటనే పెరిగేది అంత పెరగదు. ముందు కూరగాయలు తిని పిండిపదార్థాలు చివర్లో తింటున్నాను. ఉప్పు రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు దాటకూడదు, ప్యాకెట్లలో వచ్చేవాటిలో ఉన్నది కూడా అందులోకే వస్తుంది.

కాళ్ల గురించి చెప్పాలి, ఎందుకంటే వాటి గురించి ఎవరూ అడగరు. మొన్న ఎండాకాలంలో చెప్పులకు బదులు షూ వేసుకుని వెళ్లాను, సాయంత్రం విప్పితే సాక్స్‌కి రక్తం. లోపల చిన్న రాయి ఉంది. పొద్దున్నుంచీ దాని మీదే నడిచాను, ఒక్కసారి కూడా గుచ్చుకున్నట్టు తెలియలేదు నాన్నా. ఆ రాత్రి నిద్రపట్టలేదు నాకు. గుండెకు స్టెంట్ వేసినప్పటికన్నా ఎక్కువ భయపడ్డాను. ఆ పుండు మానడానికి ఆరు వారాలు పట్టింది, రక్తం సరిగ్గా అందని కాలికి చిన్న గాయం కూడా పెద్దదే. ఇప్పుడు రోజూ రాత్రి పడుకునేముందు అద్దం పెట్టుకుని అరికాళ్లు చూసుకుంటాను, వేళ్ల సందులు తడి లేకుండా తుడుస్తాను, షూ వేసుకునేముందు చెయ్యి పెట్టి తడుముతాను, ఇంట్లో కూడా ఉత్త కాళ్లతో తిరగను. మీ నాన్నకు కొంతదూరం నడిచేసరికి పిక్కలు పట్టేస్తున్నాయి, ఆగితే తగ్గుతోంది, వయసంటున్నారు. కాళ్లకు రక్తప్రసరణ తగ్గినప్పుడు అచ్చం ఇలాగే ఉంటుంది. నేను చెప్తే వినడం లేదు, నువ్వు చెప్పి డాక్టరు దగ్గరికి పంపించు.

నువ్వు ఇంటికొచ్చినప్పుడు నాకు షుగర్ పడిపోతే ఏం చేయాలో తెలిసుండాలి. 70 కన్నా తగ్గితే మూడు నాలుగు చిన్న చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వు, పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూడు, పెరగకపోతే మళ్లీ ఇవ్వు. గుండెకు నేను వేసుకునే మాత్ర వల్ల వణుకు, దడ తెలియకపోవచ్చు, చెమటలు పడుతుంటే అనుమానించు. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయొద్దు.

ఇప్పుడు నీ సంగతి. నీకు 33. రోజంతా కుర్చీలోనే, అమ్మానాన్నలిద్దరికీ ఈ జబ్బులే, ఇంతవరకూ ఒక్క పరీక్ష లేదు. పరగడుపున షుగర్ 100 నుంచి 125 మధ్య ఉంటే జబ్బు అంచు మీద ఉన్నట్టు, అక్కడే గట్టిగా పట్టుకుంటే వెనక్కి రావచ్చు. నేను ఆ అంచు మీద ఉన్న రోజుల్లో పరీక్షే చేయించుకోలేదు. సిగరెట్ కాలుస్తున్నావని కూడా నాకు తెలుసు, కోప్పడటానికి రాయడం లేదు. మానేసిన ఏడాదికి గుండెజబ్బు ముప్పు, కాల్చేవాళ్లతో పోలిస్తే దాదాపు సగానికి తగ్గుతుంది. ఒక్క ఏడాది నాన్నా.

శనివారం రాత్రి భోజనమయ్యాక నీళ్లు తప్ప ఏమీ ముట్టకు, ఆదివారం పొద్దున్నే వెళ్లి రక్తం ఇవ్వు. బీపీ చూసేటప్పుడు ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాకే చూడమను. ఆ రాత్రి ఫోన్ చేసి కాళ్లు చూసుకున్నావా అని నన్నడుగు, నీ అంకెలన్నీ నాకు చదివి వినిపించు, రాసిపెట్టుకుంటాను.

అమ్మ