బ్యాటరీ పక్కనే ఫ్యూజు లేకుండా సోలార్ పెట్టించుకోకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది ఆనందపురం మండలంలో చిన్న జీడిమామిడి తోట. కరెంటు స్తంభాలు తోటకు చాలా ఇవతలే ఆగిపోయాయి. అక్కడిదాకా లైను లాగించే స్తోమత లేక, కాపలా ఉండే కుటుంబం కోసం రేకుల షెడ్డు మీద చిన్న సోలార్ పెట్టించాను. 165 వాట్ల ప్లేట్లు రెండు, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్ బ్యాటరీ ఒకటి, ప్లేట్ల కరెంటును బ్యాటరీకి తగ్గట్టు పంపే చార్జ్ కంట్రోలర్, నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు, అంతే. సామాను అమ్మిన దుకాణం మనిషే వచ్చి బిగించి వెళ్లాడు. ఫ్యూజు ఎక్కడ అని అడిగితే గోడ మీద ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్చు) చూపించి, "పన్నెండు వోల్టులే కదండీ, ముట్టుకున్నా షాక్ కొట్టదు" అన్నాడు. నేనూ నమ్మాను.

మొన్న ఒక రాత్రి తొమ్మిదింటికి ఫోన్ వచ్చింది. "బాబూ, బేటరీ కాడ వైరు ఎర్రగా అయిపోనాది, పొగొస్తంది" అని కాపలా కుటుంబంలోని ఆవిడ అరుస్తోంది. బ్యాటరీ స్టాండు కింద ఎలుకలు వైరు కొరికేశాయి, ప్లస్సు, మైనస్సు రెండూ కలిసిపోయాయి. పక్కనే ఖాళీ గోనె సంచుల కట్ట, ఆ వెనకే మంచం మీద పిల్లలు. ఆవిడ ముందు పిల్లల్ని బయటికి పంపి, తర్వాత సంచులు లాగేసింది కాబట్టి సరిపోయింది. గోడ మీది ఎంసీబీ ఆన్‌లోనే ఉంది. చివరికి ఆ వైరే కాలి తెగిపోయి మంట ఆగింది. నేను వెళ్లేసరికి గోడ మీద నల్లటి చార, కరిగిన ప్లాస్టిక్ వాసన. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఇప్పటికీ ఆ మంచం తలచుకుంటే టెన్షన్ వస్తుంది.

ఎంసీబీ ఎందుకు పడలేదని తర్వాత తెలిసినవాళ్లను అడిగి, చదివి తెలుసుకున్నాను. షార్టు అయింది బ్యాటరీకీ ఎంసీబీకీ మధ్యలో. అంటే కరెంటు అసలు ఎంసీబీ దాకా వెళ్లనే లేదు, ఇక అది ఎలా పడుతుంది? ఫ్యూజు బ్యాటరీ ప్లస్సు టెర్మినల్‌కు జానెడు దూరంలో ఉండాలి, ఎందుకంటే టెర్మినల్ నుంచి ఫ్యూజు దాకా ఉన్న వైరుకు ఏ కాపలా లేదు, ఆ ముక్క ఎంత చిన్నదైతే అంత మంచిది. పైగా నాకు పెట్టింది ఇళ్లలో వాడే ఏసీ ఎంసీబీ. అటూ ఇటూ దిక్కు మార్చుకునే ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది, అప్పుడు లోపలి నిప్పురవ్వ తనంతట తానే ఆరిపోతుంది. బ్యాటరీ నుంచి ఒకే దిక్కున పారే డీసీకి అలా సున్నా అనేదే లేదు, రవ్వ నిలబడిపోతే ఎంసీబీయే కాలిపోవచ్చు. కాబట్టి ఎంసీబీ అయినా ఫ్యూజు అయినా దాని మీద డీసీ అని, ఎన్ని వోల్టుల దాకా పనికొస్తుందో రాసి ఉండాలి.

పన్నెండు వోల్టులే అన్న మాట సగమే నిజం. షాక్ కొట్టదు, కానీ కాలుస్తుంది. 60 వాట్ల సామాను ఇంట్లో 230 వోల్టుల మీద పావు ఆంపియరు తీసుకుంటే 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు తీసుకుంటుంది. ఇక షార్టు అయితే అంత పెద్ద బ్యాటరీ సన్నటి వైరులోకి కూడా వందల ఆంపియర్లు తోసేస్తుంది. ప్లేట్ల సంగతి వేరు. నా ప్లేట్లు రెండూ కలిపి షార్టు అయినా 20 ఆంపియర్ల దగ్గరే ఆగిపోతాయి, దాన్ని ఆ వైరు తట్టుకుంటుంది. మూడు, అంతకంటే ఎక్కువ ప్లేట్లు పారలల్‌లో (ప్లస్సులన్నీ ఒకచోట, మైనస్సులన్నీ ఒకచోట) కలిపినప్పుడే ఒక్కో దానికి విడిగా ఫ్యూజు కావాలి, ఒకటి పాడైతే మిగతావన్నీ దానిలోకే కరెంటు పోస్తాయి కనుక. భయపడాల్సింది బ్యాటరీకి.

ఫ్యూజు ఎంతది పెట్టాలి అన్నది చాలామంది తప్పుగా అనుకుంటున్నారు, నేనూ అనుకున్నాను. ఫ్యూజు బల్బును, ఫ్యాన్‌ను కాపాడడానికి కాదు, వైరును కాపాడడానికి. మా షెడ్డులో అన్నీ ఒకేసారి వేస్తే 110 వాట్లు, అంటే దాదాపు 9 ఆంపియర్లు. దానికి పాతిక శాతం కలిపితే పదకొండు, పన్నెండు మధ్య వస్తుంది, దొరికే సైజు 15. ఇప్పుడు ఆ 15ను వైరు హాయిగా మోయగలదా అని చూడాలి. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు మోస్తుంది, కానీ అయిదు మీటర్ల దూరానికి రానూపోనూ కలిపి సుమారు 0.6 వోల్టు దానిలోనే పోతుంది, 12లో అది చాలా ఎక్కువ, అందుకే 6 స్క్వేర్ ఎంఎం వేయించాను. బ్యాటరీ నుంచి బయల్దేరే ప్రతి ఎర్ర వైరుకూ దాని ఫ్యూజు దానికి ఉండాలి, చార్జ్ కంట్రోలర్ నుంచి వచ్చే వైరుకు కూడా. 600 వాట్ల ఇన్వర్టర్ తగిలిస్తే అది 60 ఆంపియర్ల దాకా లాగుతుంది, దానికి 80 ఫ్యూజు, 25 స్క్వేర్ ఎంఎం కేబుల్ ఉండాలి. లిథియం బ్యాటరీ పెట్టేవాళ్లు ఇంకో సంగతి కూడా చూడాలి. షార్టులో అది వేల ఆంపియర్లు ఇవ్వగలదు, చిన్న గాజు ఫ్యూజు ఆ దెబ్బకు తెగకుండా లోపల నిప్పు నిలిచిపోవచ్చు, అందుకని క్లాస్ టీ లాంటి పెద్ద షార్టును తెంచే ఫ్యూజు అడిగి తీసుకోండి.

లెక్క కూడా ముందే వేసుకోవాలి, దుకాణం వాడు చెప్పిన ప్యాకేజీ కాదు. ఎన్ని వాట్లు, ఎన్ని గంటలు అని కాగితం మీద రాసుకుంటే మాకు రోజుకు 650 వాట్ అవర్ల దాకా వచ్చింది. 150 ఏహెచ్ బ్యాటరీలో 1800 ఉన్నా సగమే వాడుకోవాలి, లేకపోతే త్వరగా పాడవుతుంది. అంటే ఒక రాత్రికి సరిపోతుంది, ముసురు పట్టి రెండు రోజులు ఎండ రాకపోతే సరిపోదు.

మన విశాఖలో ఉప్పుగాలి ఇంకో బెడద. టెర్మినల్ మీద పచ్చటి చిలుము పట్టి, వైరు చివర బిగించే లగ్గు వదులైతే అక్కడ వేడెక్కుతుంది, కరెంటు మాత్రం పెరగదు, కాబట్టి ఎంత మంచి ఫ్యూజైనా తెగదు. నెలకోసారి చేత్తో తడిమి చూసి, బిగించి, వాజిలీన్ రాయడమే దానికి మందు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక రోజుల తరబడి చీకట్లో గడిపిన ఊరు మనది. ఇప్పుడు మేడల మీద ప్లేట్లు చాలా కనిపిస్తున్నాయి, కానీ బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన సోలార్ లైను పోగానే ఆగిపోతుంది, లైను మీద పనిచేసే మనుషులకు ప్రమాదం లేకుండా అలా చేశారు. అందుకే తుఫాను నెలలు దగ్గర పడితే జనం విడిగా బ్యాటరీ కొని తగిలించుకుంటారు. మిగిలిన కరెంటు లైనుకు పంపి లెక్క కట్టే నెట్ మీటర్ ఉన్న సోలార్‌కు విద్యుత్ సంస్థ వాళ్లు వచ్చి చూసి వెళ్తారు. మా తోటలో ఉన్నలాంటి దానికి మీటరే లేదు, ఎవరూ వచ్చి చూడలేదు.

సోలార్ సామాను అమ్మేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. బ్యాటరీ ఇచ్చేటప్పుడు దాని ఫ్యూజు, హోల్డరు కూడా బిల్లులోనే వేసి ఇవ్వండి, ఆ కాస్త డబ్బుకు ఎవరూ బేరం మానుకోరు. అధికారులు కూడా లైనుతో సంబంధం లేని ఆఫ్‌గ్రిడ్ సోలార్ బిగించే కుర్రాళ్లకు ఒక రోజు శిక్షణ పెట్టి ఈ నాలుగు విషయాలు చెబితే బాగుంటుంది. మీ పత్రికలో ఎక్కడ ఏ ఫ్యూజు పెట్టాలో ఒక చిన్న బొమ్మ వేసి ప్రచురిస్తే కత్తిరించి గోడకు అంటించుకునేవాళ్లలో నేను మొదటివాణ్ణి.

షెడ్డులో వైర్లన్నీ మార్పించి ఎలుకలు దూరకుండా పైపులో వేయించాను. ఫ్యూజు పోతే పాత పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులో చుట్టినట్టు రాగి తీగ చుట్టేసే అలవాటు మన దగ్గర ఉంది కాబట్టి, స్పేరు ఫ్యూజులు రెండు డబ్బా మూత లోపల టేపుతో అంటించి, 15 అని రాసి ఉన్నది తప్ప ఇంకేదీ పెట్టొద్దని, రెండోది కూడా పోతే చీకట్లోనే ఉండి నాకు ఫోన్ చేయమని ఆవిడకు చెప్పాను.

- ఒక తోట రైతు, ఆనందపురం మండలం, విశాఖపట్నం జిల్లా