ధనియాలు వేయించలేదట

గుంటూరు,
ఆదివారం రాత్రి

చిట్టితల్లీ,

సంక్రాంతికి వచ్చి వెళ్తూ ఫ్రిజ్‌లో కూరగాయల అరలో నువ్వు దాచిపోయిన బీరు సీసా నిన్న తీశాను. "ఊరికే బాగుందనొద్దు, నిజం చెప్పు నాన్నా" అన్నావుగా. ఫోన్లో చెబుదామంటే మీ అమ్మ పక్కనే ఉంటుంది, అందుకని కాగితం పట్టుకున్నా.

డాబా మీద పిట్టగోడకి ఆనుకుని కూర్చుని గాజు గ్లాసులో పోశాను. పాకం పట్టిన నల్లబెల్లం రంగు, పైన మీగడ రంగు నురగ. బార్లీని మొలకెత్తించి, ఎండబెట్టి, మాడేదాకా వేయిస్తారన్నావు కదా, ఆ రంగు అదే అనుకుంటా. రెండు గుక్కలు తాగితే చేదు, చల్లదనం తప్ప ఇంకేం తెలియలేదు. దీనికా మా అమ్మాయి ఇంత దూరం మోసుకొచ్చింది అనుకున్నా.

ఇంతలో మిర్చి యార్డు నుంచి ఫోను. తేజ రకం మిర్చి రేటు, కోల్డ్ స్టోరేజీలో ఉన్న టిక్కీల (మిర్చి బస్తాల) గొడవ. ఇరవై నిమిషాలు పట్టింది. తిరిగొచ్చి గ్లాసెత్తితే అది వేరే సరుకు! ముందు లవంగం, వెనకాలే దాల్చినచెక్క, గొంతు దిగాక నారింజ తొక్క. చల్లగా ఉన్నంతసేపూ వాసన ముడుచుకుని కూర్చుందన్నమాట. ముప్పై ఏళ్ళు కాయ విరిచి వాసన చూసిన ముక్కమ్మా ఇది, అయినా మోసపోయింది. ఈసారి ఎవరికిచ్చినా ముందే బయట పెట్టమను.

ఇక నిజం. లవంగం ఎక్కువైంది. రెండు కంపెనీలవాళ్ళు కలిసి కాచారన్నావు, ఒకరిది బాయిలరు, ఇంకొకరిది మసాలా లెక్క. ఎవరి లవంగం వాళ్ళు వేశారేమో! అసలు ఇద్దరు పోటీదార్లు ఒక కాగు దగ్గర నిలబడటమే నాకు వింత. మా దగ్గర పక్క పక్క కొట్లవాళ్ళు ఒకరి కాటా ఒకరికి అరువివ్వరు.

ఒక తప్పు చేశాను. సెంటర్లో వేడి వేడి మిర్చి బజ్జీలు తెప్పించుకున్నా. ఏడున్నర శాతం ఆల్కహాలు, పైన ఆ గ్యాసు, అసలే మన కాయ. మంట తగ్గకపోగా చెవులదాకా ఎక్కింది. చివరికి మజ్జిగే దిక్కయింది.

మజ్జిగ తెచ్చింది మీ అమ్మే, అంటే దొరికిపోయాననే కదా. ఆవిడది నెల్లూరు పక్క పల్లె. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచినప్పుడు వాళ్ళ ఊళ్ళోనూ చీపుళ్ళు, కారప్పొడి పట్టుకుని కొట్టు మీదికి పోయారు, ఆవిడకప్పుడు పద్దెనిమిదేళ్ళు. వాళ్ళన్నయ్య ఆ సారాకే పోయాడు. 1995లో నిషేధం వచ్చినప్పుడు మా వీధిలో పాయసం పంచింది ఆవిడొక్కతే, 1997లో ఎత్తేస్తే రెండ్రోజులు పొయ్యి వెలిగించలేదు. నువ్వు కాలేజీలో బీరు తాగావని తెలిసి నెల్లాళ్ళు నీతో మాట్లాడంది కోపంతో కాదు, భయంతో. ఆ మాట నీకప్పుడే చెప్పాల్సింది నేను.

తిడుతుందనుకున్నా. గ్లాసు లాక్కుని, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుంది. తాగలేదులే.

"ధనియాలున్నాయి ఇందులో. వేయించకుండా నలగ్గొట్టి వేశారు, పచ్చి వాసన" అంది.

లేబులు చదివా. లవంగం, చెక్క, నారింజ తొక్క తర్వాత ఆఖరున చిన్నక్షరాల్లో ధనియాలే. నా ముక్కుకి తగల్లేదు. జర్మనీలోని బవేరియాలో 1516 నాటి చట్టం ప్రకారం బీరులో బార్లీ, హాప్స్ అనే చేదు పూలు, నీళ్ళు తప్ప ఇంకేం వేయకూడదనీ, బెల్జియంవాళ్ళు మాత్రం ధనియాలు వేసేవాళ్ళనీ నువ్వే చెప్పావుగా, ఆవిడకి చెప్పా. "మరి వేయించాలని తెలీదా వాళ్ళకి?" అంది.

వాళ్ళు కావాలనే పచ్చివి వేస్తారా, కనుక్కుని రాయి. ఆవిడ నిన్నటి నుంచి అడుగుతూనే ఉంది. కారం పార్శిల్ బుధవారం వేస్తాను.

నాన్న